బోరు పాయింట్ సర్వే: రంగుల బొమ్మ కాదు, రీడింగులు అడిగి తీసుకోండి

హనుమకొండలో బోరు పాయింట్ చూసేవాళ్ళకు కొదవలేదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచేవాళ్ళున్నారు, వేప పంగ పట్టుకునేవాళ్ళున్నారు, సెల్‌ఫోన్‌కు మిషన్ తగిలించుకుని వచ్చేవాళ్ళున్నారు. నాలుగు ఇనుప కడ్డీలు నాటి, భూమిలోకి కరెంటు పంపి, మీటరు చూసి చెప్పేవాళ్ళు కొందరు. నేను రాస్తున్నది ఈ చివరి రకం సర్వే గురించి. నర్సంపేట దిక్కు మా బాపు చెలకలో ఈ ఎండాకాలం చేయించాం. చేసినాయన నయీంనగర్‌లో ఒక మెడికల్ షాపు మీద గదిలో ఆఫీసు పెట్టుకున్నారు, ఎమ్మెస్సీ జియాలజీ చదివారు. అడగకుండా పేరు, నంబరు పెట్టడం బాగుండదు కాబట్టి ఇక్కడ రాయడం లేదు. పనికి నేను నాలుగు స్టార్లు ఇస్తాను. అయిదోది ఎందుకు ఆపానో కూడా చెప్తాను.

నేను వరంగల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్కలు చెప్తాను. పీహెచ్‌డీ చేసింది ఇన్వర్స్ ప్రాబ్లమ్స్ మీద. లోపల ఏముందో ముందే తెలిస్తే పైన మీటరు ఎంత చూపిస్తుందో లెక్కగట్టడం సూటి పని. మీటరు చూపించిందాన్ని బట్టి లోపల ఏముందో చెప్పడం ఉల్టా పని, అదే మా సబ్జెక్టు. అంగట్లో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి, చప్పుడును బట్టి పగులుందో లేదో చెప్తారు చూడండి, అట్లాంటిది. సీటీ స్కాన్ కూడా ఇదే జాతి. నా థీసిస్ మాత్రం ఛాతీ చుట్టూ 16 ఎలక్ట్రోడ్ల బెల్టు కట్టి, చిన్న కరెంటు పంపి, ఊపిరితిత్తుల బొమ్మ గీసే పద్ధతి మీద. వెంటిలేటర్ మీదున్న పేషెంటుకు ఏ ఊపిరితిత్తిలోకి గాలి పోతోంది, దేంట్లోకి పోవట్లేదు అన్నది మంచం దగ్గరే చూడడానికి వాడతారు. రేడియేషన్ ఉండదు. బొమ్మ మాత్రం మసక మసకగా వస్తుంది. ఆ మసక ఎందుకు పోదు అన్నదే నా ఉద్యోగ జీవితమంతా.

ఈ లెక్క పుట్టింది ఆసుపత్రిలో కాదు, మట్టిలో. 1912లో కాన్రాడ్ ష్లుంబర్జే అనే ఫ్రెంచ్ ఇంజనీరు నార్మండీలో తమ కుటుంబ ఎస్టేటులో భూమికి కరెంటు పెట్టి వోల్టేజీలు కొలిచాడు. ఆయన పద్ధతి ఇవాళ మన చెలకల్లో కూడా ఆయన పేరుతోనే నడుస్తోంది. తర్వాత 1940లలో అర్జెంటీనా ప్రభుత్వ చమురు కంపెనీలో పనిచేసిన కాల్డెరాన్ అనే సివిల్ ఇంజనీరు, భూమి పైన మాత్రమే కొలిచి లోపలి వాహకత మొత్తాన్ని, అంటే లోపల ఎక్కడ కరెంటు ఎంత బాగా పోతుందో, కనుక్కోవచ్చా అని ఆలోచించాడు. ఆ తర్వాత షికాగోకు పోయి పెద్ద గణితవేత్త అయ్యాడు. ఆ పాత ప్రశ్నను మాత్రం 1980లో గానీ అచ్చు వేయలేదు. నేను పనిచేసే రంగంలో సగం ఆ కొద్ది పేజీల పేపరు నుంచే మొదలవుతుంది. ఉద్యోగం ఇంటర్వ్యూల్లో 'దీనితో ఉపయోగం ఏమిటమ్మా' అని అడిగినప్పుడల్లా ఊపిరితిత్తుల బెల్టు గురించే చెప్పేదాన్ని. బోరు గురించి చెప్తే బల్లకు అటుపక్క ఉన్నవాళ్ళకు ఇంకా బాగా ఎక్కేది, వాళ్ళలో సగం మందికి ఊళ్ళో చెలకలున్నాయి.

ఇక సర్వే సంగతి. ఏడింటికి వస్తామన్నవాళ్ళు తొమ్మిదిన్నరకు దిగారు. ఎండ అప్పటికే మాడుస్తోంది. సార్, ఆయన వెంట ఇద్దరు పిల్లలు, ఒక పెట్టె, తీగ చుట్టలు, సుత్తెలు, రెండు ప్లాస్టిక్ క్యాన్ల ఉప్పు నీళ్ళు. దిగగానే చెలకలోకి పోలేదు. ముందు ఊరి తాగునీటి బోరు ఎక్కడుందో చూపించమన్నారు. తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల కొత్త బోరు వేయకూడదని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టంలో ఉంది. అది దూరంగానే ఉందని తేల్చుకున్నాకే పని మొదలుపెట్టారు. ఈ ఒక్క పనికే నాకు ఆయన మీద గురి కుదిరింది.

పద్ధతి చూడ్డానికి సులువు. మధ్యలో రెండు కడ్డీలు వోల్టేజీ కొలవడానికి, బయట రెండు కరెంటు పంపడానికి. బయటి రెంటినీ మెల్లమెల్లగా అటూ ఇటూ దూరం జరుపుతూ పోతారు. దూరం పెరిగేకొద్దీ కరెంటు లోతుకు దిగుతుంది, కాబట్టి లోతుగా ఉన్న పొరల ప్రభావం రీడింగులో కనపడడం మొదలవుతుంది. మధ్య నుంచి చెరోవైపు 100 మీటర్ల దాకా పోయారు. అంటే 200 మీటర్ల లైను. మా చెలక సరిపోక పక్క పత్తి చేనులోకి కూడా పోవాల్సి వచ్చింది.

అసలు పనితనం ఎక్కడ కనపడిందంటే, తీగ పరిచేటప్పుడు. మొదట బాపు గట్టు వెంబడి లైను వేయమన్నాడు, నడవడానికి తేలిక అని. సార్ గట్టు దాకా పోయి ఆగిపోయారు. అడవి పందుల కోసం కట్టిన ఇనుప తీగ గట్టు పొడుగునా ఉంది. 'మేడం, ఈ తీగ ఉండంగ నేను భూమిని కొలవను, తీగను కొలుస్త' అన్నారు. లైనును అడ్డంగా తిప్పి, తీగకు వీలైనంత దూరం జరిపారు. ఎండిన నేలలో కడ్డీకి కరెంటు సరిగా అందదు కాబట్టి ప్రతి కడ్డీ మొదట్లో ఉప్పు నీళ్ళు పోయించారు. పోసిన వెంటనే రీడింగు తీసుకోనివ్వలేదు, ఇంకనివ్వమన్నారు. నడుమ ఒకసారి రీడింగు ఎగిరెగిరి పడింది. పిల్లలు మిషన్ చెడిపోయిందనుకున్నారు. ఆయన చెవి పెట్టి విని, పక్క చేను మోటరు నడుస్తోందన్నారు. ఆటో స్టార్టరు, కరెంటు రాగానే దానంతటదే ఎక్కుతుంది. మా తమ్ముడు పోయి బంద్ చేయించాక రీడింగు నిలబడింది. అంతకుముందు తీసుకున్న రెండు రీడింగులను కూడా కొట్టేసి మళ్ళీ తీశారు. ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలిసేది కూడా కాదు.

రీడింగు అంటే నేల కరెంటును ఎంత అడ్డుకుంటోందో చెప్పే అంకె, నిరోధకత. అవి మొదట 150 ఓమ్ మీటర్ల దగ్గరున్నాయి. కడ్డీలు చెరో 20 మీటర్లు జరిగేసరికి 100 కిందికి దిగాయి. అక్కడి నుంచి ఎక్కుతూ ఎక్కుతూ 100 మీటర్ల దగ్గర 300 అయ్యాయి. మన గ్రానైటు నేలల్లో మామూలుగా కనపడే ఆకారమే ఇది. పైన ఎండిన మొరం, దాని కింద కరెంటును బాగా పోనిచ్చే పొర, అడుగున గట్టి రాయి. చిక్కంతా ఆ నడిమి పొరతోనే. పైన 8 మీటర్ల ఎండు మొరం ఉందనుకోండి. దాని కింద 20 ఓమ్ మీటర్ల పొర 4 మీటర్ల మందాన ఉన్నా, 40 ఓమ్ మీటర్ల పొర 8 మీటర్ల మందాన ఉన్నా, పైన వచ్చే కర్వ్ దాదాపు ఒకటే. ఎందుకంటే అలాంటి పొరలో పైకి తెలిసేది మందాన్ని నిరోధకతతో భాగిస్తే వచ్చేదే. 4 బై 20 అయినా, 8 బై 40 అయినా 0.2. మొదటిది బంకమట్టి కావచ్చు, తడి ఉంటుంది కానీ నీళ్ళు వదలదు. రెండోది నీళ్ళు పట్టిన మొరం కావచ్చు. రైతుకు ఈ రెంటికీ మధ్య తేడా లక్షల్లో ఉంటుంది. మీటరుకు ఏ తేడా లేదు.

పుస్తకాల్లో దీనికి సమాధానం లేదా అంటే ఉంది. పొరలు పొరలుగా ఉన్న భూమిలో పైనుంచి అన్ని దూరాల్లోనూ ఏ తప్పూ లేకుండా కొలిస్తే లోపలిది ఒక్కటే సమాధానం అని 1933లోనే లాంగర్ అనే గణితవేత్త చూపించాడు. పొరలు కాక ఎట్లా పడితే అట్లా ఉన్నా, వాహకత నున్నగా మారుతూ ఉంటే పొడుగు, వెడల్పు, లోతు మూడూ ఉన్న లెక్కలో కూడా సమాధానం ఒక్కటే అని 1987లో సిల్వెస్టర్, ఉల్‌మన్ తేల్చారు. మరుసటి ఏడాది అలెసాండ్రిని దీనికి రెండో వైపు చూపించాడు. బొమ్మ కొంచెం స్పష్టంగా కావాలంటే కొలతలు ఎన్నో రెట్లు నిక్కచ్చిగా ఉండాలి. దాన్ని ఇంతకన్నా బాగుచేయలేమని 2001లో మండాకే నిరూపించాడు. అంటే సమాధానం ఒక్కటే అయినా చేతికి అందదు. ఏ తప్పూ లేని కొలతలు థీసిస్‌లో దొరుకుతాయి, చెలకలో నూటికి మూడో అయిదో తప్పుతో దొరుకుతాయి.

మరి ఏం చేయాలి? బయటి నుంచి ఇంకో సమాచారం తెచ్చి కలపాలి. 1943లో రష్యా గణితవేత్త తిఖనోవ్ రాసిన దాంట్లో మూల సూత్రం ఇదే. సాధ్యమైన సమాధానాలను ముందే ఒక హద్దులో పెట్టుకుంటే లెక్క నిలబడుతుంది. మేం కంప్యూటర్‌లో ఇందుకు పెద్ద పెద్ద పేర్లున్న పద్ధతులు వాడతాం. సార్ ఏం చేశారంటే, 'దగ్గర్ల పాత బావి ఉందా' అని అడిగారు. పక్క చేనులో వాడకం లేని బావి ఉంది, మోటబావుల కాలం నాటిది. గడ్డి, తుమ్మ ముళ్ళు తప్పించుకుంటూ అంచుకు పోయి, రాయి కట్టిన టేపు లోపలికి వదిలారు. టార్చి కొట్టి గోడ పొరలు చూశారు. బంకమట్టి లేదు, పైనుంచి కిందిదాకా మొరమే. రాయి 15 మీటర్ల చిల్లరలో తగులుతోంది. చేతికి దొరికినంత మేర మొరం గీకి, వేళ్ళ మధ్య నలిపి చూశారు. అప్పుడు తన నోట్‌బుక్‌లో 'నడిమి పొర మొరం, రాయి 14 నుంచి 18 మీటర్లు' అని రాసుకున్నారు. ఒకే అంకె రాయకుండా హద్దులు రాయడం చూసి ముచ్చటేసింది. నా స్టూడెంట్లకు ఈ అలవాటు చేయడానికి ఏళ్ళు పడుతోంది.

బాపు అడిగాడు, 'ఎన్ని ఫీట్లకు నీళ్ళు పడ్తయి సార్?' అని. అందరూ అడిగేది ఇదే. ఆయన చెప్పిన జవాబు రాసిపెట్టుకోదగ్గది: 'మొరంల నీళ్ళు చెప్తగని, రాయి పగుళ్ళల్ల నీళ్ళు నేనుగాదు, ఈ మిషన్ సుత చెప్పది.'

ఇది వినయం కాదు, లెక్క. రాయిలో అర మీటరు మందాన పగులు ఉండి, దాని నిరోధకత 100 ఓమ్ మీటర్లు అనుకుంటే, మందాన్ని నిరోధకతతో భాగించే ఆ లెక్కలో దాని వాటా 0.005. పైన మొరం మొత్తం వాటా 0.25 దగ్గర. నూటికి రెండు. తప్పే నూటికి మూడు నుంచి అయిదు ఉన్నప్పుడు రెండు ఎక్కడ కనపడుతుంది? లోతైన బోర్లలో నీళ్ళు వచ్చేది మాత్రం ఎక్కువగా ఆ పగుళ్ళ నుంచే. కాబట్టి ఈ సర్వేతో తెలిసేది, మొరం ఎక్కడ లోతుగా ఉంది, ఎక్కడ బంక తక్కువుంది అన్నంత వరకే. మా చెలకలో రెండు చోట్ల చూసి, కుంట దిక్కున్న చోటు నయం అన్నారు. ఈశాన్యం కాదని బాపుకు కొంచెం మనసు ఒప్పలేదు. అమ్మ సర్దిచెప్పింది.

ఇప్పుడు సెల్‌ఫోన్ మిషన్ సంగతి చెప్పాలి. పోయినేడాది మా చిన్నాయన ఒకతన్ని పిలిపించాడు. ఎవరో, ఎక్కడివాడో రాయను. గంటలో పని అయిపోయింది. ఫోన్‌లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం రంగుల బొమ్మ. నీలం ఉన్నచోట నీళ్ళు అన్నాడు. బొమ్మ చూస్తే ఎవరికైనా నమ్మబుద్ధి అవుతుంది. ఆ బొమ్మను నాకు వాట్సాప్‌లో పంపితే నేను అడిగింది రెండే: నీలం అంటే ఎంత, ఆ బొమ్మ కింద అసలు రీడింగులు ఎన్ని? నీలం దగ్గర అంకె లేదు. అన్నింటికన్నా తక్కువ ఏదుంటే దానికి నీలం పడేటట్టు ఫోనే సర్దుకుంటుంది. ఎండిపోయిన బండ మీద కొలిచినా ఎక్కడో ఒకచోట నీలం వస్తుంది. రీడింగులు అడిగితే 'యాప్ ఇయ్యది' అన్నాడట. కొలిచిన చోట్లు అయిదారు, నడుమ ఖాళీలన్నీ కంప్యూటర్ నున్నగా రుద్ది రంగు నింపింది. మా పనిలోనూ ఇదే చేస్తాం, అబద్ధం చెప్పను. ఊపిరితిత్తుల బొమ్మలో సగం నునుపు మేం పోసిందే. కాకపోతే ఎంత పోశామో పేపర్లో రాస్తాం, పక్కవాడు పట్టుకోవడానికి. చిన్నాయన బోరు 450 అడుగుల దాకా దుమ్మే వచ్చింది.

సార్ బొమ్మ ఇవ్వలేదు. చేత్తో రాసిన రీడింగుల కాగితం, లాగ్ స్కేలు మీద కర్వ్, కింద పొరల పట్టిక ఇచ్చారు. మాస్కో యూనివర్సిటీ వాళ్ళ ఐపీఐటూవిన్ సాఫ్ట్‌వేర్ వాడతారట, మన దగ్గర చాలామంది వాడేది అదే. నేను ఇంటికొచ్చి ఆ రీడింగులను నా ప్రోగ్రాంలో వేసి చూశాను. బావి సంగతి కలపకపోతే రాయి 11 నుంచి 19 మీటర్ల మధ్య ఎక్కడున్నా రీడింగులకు సరిపోతోంది. బావి కలిపితే ఆయన రాసిన హద్దుల్లోకే వచ్చింది. ఏళ్ళ తరబడి రాసుకున్న కోడు, ఒక రాయి కట్టిన టేపు ఒకే జవాబు చెప్తే ఆ రాత్రి కొంచెం నవ్వొచ్చింది, కొంచెం కడుపు కూడా మండింది.

బోరు బండి వచ్చింది. కేసింగ్, అంటే మొరం కూలకుండా గట్టి రాయి దాకా దింపే పైపు, 52 అడుగులు దిగింది. మీటర్లలో దాదాపు 16. హద్దుల్లో నడుమ. సర్వేకు మార్కు వేయాల్సింది ఇక్కడే, కేసింగ్ దగ్గర. ఆ తర్వాత 140 అడుగుల దగ్గర పగులు తగిలి నీళ్ళు ఎగజిమ్మాయి. తమ్ముడు ఈల వేశాడు, బాపు కొబ్బరికాయ కొట్టాడు, ఊరంతా సర్వే సార్‌ను మెచ్చుకుంది. ఇంచున్నర నీళ్ళు. సంతోషమే. కానీ ఆ 140 అడుగుల నీళ్ళు ఆయన చెప్పినవి కావు, చెప్పలేనని ముందే చెప్పారు. నీళ్ళు పడ్డాయని స్టార్లు, పడలేదని తిట్లు ఇచ్చేవాళ్ళు ఈ సంగతి గమనించాలి. బండి నడిపే ఆయన మాత్రం 'ఇంకో వంద ఏద్దామా' అని తొందర పెట్టాడు, అడుగుల లెక్కన డబ్బులు కాబట్టి. మొరం కింద గట్టి రాయి వచ్చాక 250 అడుగులు దాటి పోవద్దని సార్ వేరే కాగితం మీద రాసి ఇచ్చారు, బాపు ఆ కాగితం చూపించి 210 దగ్గర ఆపించాడు.

తగ్గించిన స్టారు గురించి. మొదటిది, రిపోర్టు మొత్తం ఇంగ్లీషులో, లోతులన్నీ మీటర్లలో ఉన్నాయి. బోరు బండి లెక్క అడుగుల్లో. 16 అని చూసి బండి ఆయన 16 అడుగుల కేసింగ్ సరిపోతుందనుకుంటే మొరం అంతా లోపల కూలిపోతుంది. నేను అక్కడ ఉన్నాను కాబట్టి సరిపోయింది. లేనివాళ్ళకు ఎవరు చెప్తారు? పక్కన ఇంకో గడి గీసి అడుగులు రాస్తే అయిపోయేదానికి. రెండోది, రీడింగుల కాగితం అడిగితేనే ఇచ్చారు. మామూలుగా ఇవ్వరట, 'రైతులకు ఎందుకు మేడం' అన్నారు. ఎందుకంటే రేపు పక్క చేనులో ఇంకొకరు సర్వే చేసినప్పుడు ఈ కాగితం ఆ పాత బావిలాగా పనికొస్తుంది. ఆలస్యం గురించి ముందే చెప్పాను. రసీదు ఇవ్వలేదు, ఫోన్‌పే చేస్తే అదే రసీదు అన్నారు.

డబ్బులు రెండు పాయింట్లకు కలిపి తీసుకున్నారు, బండి కిరాయి వేరే. కొబ్బరికాయ ఆయనకన్నా ఎక్కువ, సెల్‌ఫోన్ మిషన్ అతనికన్నా తక్కువ.

పిలిచేవాళ్ళకు కొన్ని సంగతులు. పక్క మోటర్ల వాళ్ళతో ముందు రోజే మాట్లాడి, సర్వే జరిగే రెండు గంటలు ఆటో స్టార్టర్లు తీసేయించండి. చెలక చుట్టూ ఇనుప తీగ, భూమిలో పాత పైపులైను ఉంటే ముందే చెప్పండి, చివర్లో బయటపడితే పనంతా మళ్ళీ చేయాలి. ఊళ్ళో పాత బావులు, ఇంతకుముందు వేసిన బోర్ల కేసింగ్ ఎన్ని అడుగులో అడిగి రాసిపెట్టుకోండి, వాటి విలువ చాలామందికి తెలియదు. హనుమకొండలో ఇళ్ళ మధ్య ప్లాటుకు మాత్రం ఈ సర్వే పిలవకండి. నాలుగు దిక్కులా ఎర్తింగ్ గుంతలు, మున్సిపల్ పైపులు, లైను చాచడానికి జాగా ఉండదు. మా వీధిలో ఒకాయన అడిగితే సార్ రానే రానన్నారు. అడ్వాన్సు ఇస్తానన్నా రాలేదు.